యుద్ధం మధ్యలో అంతరిక్ష నౌకకి మందుగుండు ఎక్కించడం: నా సీను నిలబడుతుందా?

తోకచుక్క:

శని గ్రహం దగ్గర మూడు రోజుల పాటు సాగే యుద్ధం నా నవలకి ఆఖరి భాగం. అందులో ఒక్క సీను దగ్గర బండి ఆగిపోయింది. లెక్కలు తెలిసినవాళ్ళు కాస్త చూసి చెప్పండి.

నౌక మొత్తం బరువు 9,000 టన్నులు. అందులో ఇంధనం 4,000 టన్నులు, క్షిపణులు 1,000 టన్నులు, మిగతా 4,000 నౌక సొంత బరువు. క్షిపణి ఒక్కోటి 10 టన్నులు, 8 మీటర్ల పొడుగు, మీటరు వ్యాసం ఉన్న క్యానిస్టర్‌లో (మూసిన డబ్బాలో) ఉంటుంది. అవి దిగే గూళ్ళు, అంటే సెల్స్, 100. ఫ్యూజన్ ఇంజను, దాని ఎగ్జాస్ట్ (వెనక్కి చిమ్మే మంట) వేగం సెకనుకు 50 కి.మీ. రెండు రైల్‌గన్‌లు (కరెంటుతో కాల్చే తుపాకులు) కూడా ఉన్నాయి, 10 కిలోల గుండుని సెకనుకు 10 కి.మీ. వేగంతో విసురుతాయి. దళంలో ఇలాంటివి 12, వెనకాల ఒక సరఫరా నౌక.

సీను ఇది. రెండో రోజుకి సెల్స్ అన్నీ ఖాళీ. కాల్పులు జరుగుతుండగానే సరఫరా నౌక వచ్చి పక్కన ఆనుకుంటుంది. మధ్యలో సొరంగంలా ఒక గొట్టం కలుపుతారు. 20 నిమిషాల్లో 100 క్షిపణులూ నింపుకుని మళ్ళీ యుద్ధంలోకి దూకుతుంది. ముందుగా చదివిన ఇద్దరూ "లారీలోకి ఇటుకలెత్తినట్టుంది" అని నవ్వారు.

నిజంగా ఎంతసేపు పడుతుంది? ఇంజన్లు ఆపి తీరాలా? క్షిపణుల కంటే రైల్‌గన్ గుండ్లు అందించడం తేలికా? ఇంకొకటి, ఇక్కడ ఏదో ఒకటి తేడా కొట్టాలి. బాంబు పేలడం మాత్రం వద్దు, అది అందరూ రాసేసిందే.

గురుత్వం:

మీ ఇద్దరు పాఠకులూ నవ్వింది న్యాయమే. కానీ తప్పు మాత్రం వాళ్ళనుకున్న చోట లేదు. పక్కపక్కన ఉండటం అంతరిక్షంలో చాలా తేలిక. ఇద్దరూ సెకనుకు 30 కి.మీ. వేగంతో పోతున్నా, ఇంజన్లు ఆపేసి ఒకే దిక్కుకి ఒకే వేగంతో పోతుంటే ఒకరికొకరు నిలబడ్డట్టే లెక్క. సముద్రంలోలాగా అలలూ గాలీ ఉండవు. కష్టమంతా ఆ వేగాల తేడాని సున్నాకి తేవడంలో ఉంది. సెకనుకు 1 కి.మీ. తేడా మిగిలినా, మీకు అందాల్సిన ఒక టన్ను సరుకు 500 మెగాజౌల్స్ శక్తితో వచ్చి గుద్దుతుంది. అంటే సుమారు 120 కిలోల టీఎన్‌టీ. అది సరఫరా కాదు, దాడి.

అందుకని మీ సరఫరా నౌక "రావడం" అనేదే ఉండకూడదు. అది మొదట్నుంచీ దళంతోనే తేలుతూ ఉండాలి, యుద్ధనౌకలు తిరిగిన ప్రతి మలుపూ అదీ తిరగాలి. ఇంత సరుకు మోస్తూ వాటితో సమానంగా తిరగాలంటే దాని ఇంధనం లెక్క మీ యుద్ధనౌకల లెక్క కంటే కష్టం. నవలలో ఎక్కడో ఒక పేరాలో ఆ సంగతి పడాలి.

ఇక మీరు గమనించని మలుపు ఒకటుంది. మీ అంకెలే తీసుకోండి. ట్యాంకులు నిండుగా, క్షిపణులు నిండుగా ఉంటే నౌక తన వేగాన్ని మొత్తం మీద సెకనుకు సుమారు 29.4 కి.మీ. మార్చుకోగలదు (9,000ని 5,000తో భాగించి, దాని సహజ లాగరిథమ్‌ని 50తో గుణించండి). అదే ఇంధనంతో, క్షిపణులన్నీ వదిలేశాక 34.7. అంటే ఖాళీ నౌకే చురుకైన నౌక. మందుగుండు ఎక్కించుకున్న మరుక్షణం 5 కి.మీ. పైగా పరుగు పోగొట్టుకుంటుంది. మీ కెప్టెన్ ముందున్న అసలు ప్రశ్న "ఎంత తొందరగా నింపుదాం" అన్నది కాదు, "నింపుకుని నిలబడదామా, ఖాళీగా పారిపోదామా" అన్నది.

టైము సంగతి. శత్రువు లక్ష కి.మీ. దూరంలో ఉండి, క్షిపణులు సెకనుకు 10 కి.మీ. వేగంతో మీ మీదికి వస్తుంటే అవి చేరడానికి 10,000 సెకన్లు, అంటే 2 గంటల 47 నిమిషాలు. అంతరిక్ష యుద్ధం తాటాకు మంటలా సాగదు. చాలాసేపు ఏమీ ఉండదు, తర్వాత రెండు నిమిషాల్లో అన్నీ జరిగిపోతాయి. ఆ "ఏమీ లేని" భాగమే మీ సందు. శత్రువు వదిలిన క్షిపణులు కనబడ్డాయి, అవి వచ్చేలోగా నింపుకోవాలి. "కాల్పుల మధ్యే" అన్నమాట అలా నిజమవుతుంది, ఉత్కంఠా పోదు.

20 నిమిషాల్లో డాకింగ్ (నౌకలు ఒకదానికొకటి తగులుకోవడం), లోడింగ్ రెండూ అన్నది మాత్రం వదిలేయండి. మన ఇస్రో డాకింగ్ ప్రయోగం స్పేడెక్స్ చూడండి. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ60 మీద వెళ్ళిన రెండు ఉపగ్రహాలు, ఒక్కోటి సుమారు 220 కిలోలే. 2025 జనవరి 7న అనుకున్నది 9కి వాయిదా, ఆ రోజూ అనుకున్న దానికంటే ఎక్కువ పక్కకి జరిగితే మళ్ళీ వాయిదా. తర్వాత 15 మీటర్ల దాకా, 3 మీటర్ల దాకా వచ్చి చూసుకుని వెనక్కి తగ్గారు. జనవరి 16న కలిశాయి, అదీ సెకనుకు కొన్ని మిల్లీమీటర్ల వేగంతో నెమ్మదిగా. మీ వాళ్ళకి అనుభవం ఎక్కువనుకున్నా చివరి 100 మీటర్లలో సెకనుకు 20 సెంటీమీటర్లు మించితే సాహసమే.

మించితే ఏమవుతుందో 1997 జూన్ 25న మీర్ స్టేషన్‌లో తేలింది. ప్రోగ్రెస్ ఎం-34 సరుకు నౌక, సుమారు 7 టన్నులది, చేత్తో నడిపి డాక్ చేసే పరీక్షలో అదుపు తప్పి సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో స్పెక్టర్ మాడ్యూల్‌ని గుద్దింది. గాలి కారిపోతోంది. తలుపు మూద్దామంటే దాని గుండా కరెంటు తీగలు పోతున్నాయి. వాటిని ఊడదీసి, కోసి, అప్పుడు గానీ మూయలేకపోయారు. మీ "సొరంగం గొట్టం" చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ తీగలే.

లంగరు:

గురుత్వం గారు తలుపు దగ్గర ఆపారు కాబట్టి అక్కణ్ణుంచే అందుకుంటాను. మందుగుండు గది తలుపు తెరిచి ఉంచడం నౌకాదళాలకి బాగా పాత పాపం. 1916 మే 31న జట్లండ్ యుద్ధంలో బ్రిటిష్ బేటిల్‌క్రూజర్లు మూడు, ఇన్‌డిఫేటిగబుల్, క్వీన్ మేరీ, ఇన్విన్సిబుల్, ఒకదాని తర్వాత ఒకటి పేలిపోయాయి. తొందరగా కాల్చాలని కార్డైట్ (గుండుని తోసే మందు) సంచులు బయట పేర్చుకోవడం, మంట లోపలికి పోకుండా ఆపే తలుపులు తెరిచిపెట్టుకోవడం దానికి పెద్ద కారణమని తర్వాత తేల్చారు. అదే రోజు లయన్ నౌకలో, చావుబతుకుల్లో ఉన్న మేజర్ ఫ్రాన్సిస్ హార్వే మందుగుండు గదిలోకి నీళ్ళు వదలమని చెప్పబట్టి ఆ నౌక మిగిలింది. 1942 జూన్ 4న మిడ్‌వేలో జపాన్ విమాన వాహక నౌకలదీ ఇదే బాపతు. బాంబులా టార్పెడోలా అని మార్చుకుంటూ, తీసినవి కింద గదుల్లోకి దించకుండా హేంగర్లలోనే ఉంచారు. అమెరికన్ డైవ్ బాంబర్లు సరిగ్గా అప్పుడే వచ్చాయి.

కాబట్టి మీకు పేలుడు వద్దన్నా, పేలుడు భయం మాత్రం ప్రతి అడుగులో కనబడాలి. ఒక సమయంలో ఒక్క క్యానిస్టర్ మాత్రమే బయట ఉండాలి. ముందుది సెల్‌లో దిగి, మూత పడ్డాకే రెండోది సరఫరా నౌక గదిలోంచి కదలాలి. రెండు యంత్రపు చేతులతో ఎక్కిస్తే ఒకటి నౌకకి ఈ వైపు, ఒకటి ఆ వైపు.

సముద్రంలో ఎలా చేస్తారంటే, రెండు నౌకలూ 12 నుంచి 16 నాట్ల వేగంతో, సుమారు 45-60 మీటర్ల ఎడంతో సమానంగా పోతుంటాయి. ముందు తుపాకీతో సన్నటి తాడు విసురుతారు, దాని వెనక లావు తాడు, దాని వెనక ఉక్కు తీగ. ఆ తీగని ఎప్పుడూ ఒకే బిగువులో ఉంచే యంత్రం ఒకటుంటుంది. నౌకలు అటూ ఇటూ ఊగినా తీగ తెగదు, వేలాడదు. సరుకు దాని మీద జారుకుంటూ వస్తుంది. ఇంధనమైతే గొట్టంలో. మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో ఇప్పుడు కడుతున్న ఐదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పులూ ఈ పనికే. ఒక్కోటి 44,000 టన్నులు, 2023 ఆగస్టులో ఒప్పందం, 2024 ఏప్రిల్‌లో మొదటి దానికి ఉక్కు కోత. ఇంధనం, నీళ్ళు, మందుగుండు, తిండి అన్నీ ఒకే నౌకలోంచి అందించడం వాటి పని.

కానీ సముద్రంలో కూడా నిలువు సెల్స్‌లో క్షిపణి నింపడం ఇప్పటికీ తెగని ముడే. అమెరికా వాళ్ళ ఎంకే-41 లాంచర్లలో మొదట్లో ఒక్కోదాంట్లో మూడు సెల్స్ చోటు తినేసే చిన్న క్రేన్ పెట్టారు. నౌకకి అలాంటి లాంచర్లు రెండు, అందుకే పాత బర్క్ డెస్ట్రాయర్లలో 90 సెల్స్. ఆ క్రేన్ బరువైన వాటిని ఎత్తలేదు, సముద్రంలో వాడటం ప్రమాదం. చివరికి తీసేసి ఆ చోట కూడా సెల్స్ పెట్టుకున్నారు, 96 అయ్యాయి. ఎర్ర సముద్రంలో క్షిపణులు ఖర్చయిన నౌకలు రేవుకి పోయి నింపుకోవాల్సి రావడంతో ఈ గోల మళ్ళీ పైకొచ్చింది. 2024 అక్టోబర్‌లో శాన్ డియాగో దగ్గర చోసిన్ అనే క్రూజర్ మీద, సెల్స్ పైన పట్టాలేసి క్యానిస్టర్‌ని జరిపి నిలబెట్టి దింపే యంత్రంతో ఒక్క ఖాళీ క్యానిస్టర్‌ని నడిసముద్రంలో దింపి చూపించారు. ఒక్కటి, అదీ ఖాళీది! దాన్నే పెద్ద విజయంగా చెప్పుకున్నారు, నిజంగానే విజయం.

సముద్రంలో బాధ ఊగిసలాట. 8 మీటర్ల క్యానిస్టర్ క్రేన్‌కి వేలాడుతూ లోలకంలా ఊగుతుంది. అంతరిక్షంలో ఆ ఊగుడు లేదు, ఆ మేరకు మీ పని నయం. బదులుగా ఇంకో ప్రమాదముంది. బరువు లేదు కదా అని మనిషి చేత్తో ఆపబోతాడు. 10 టన్నుల క్యానిస్టర్ సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో జరుగుతోందనుకోండి, అందులో ఉన్నది 200 జౌల్సే. కానీ గోడకీ దానికీ మధ్య పడ్డ చెయ్యి దాన్ని ఒక సెంటీమీటరులో ఆపాలంటే దాదాపు 2 టన్నుల బరువు మీద పడ్డట్టు. మీ సొరంగం తీసేయండి. మనుషులు నడిచే గొట్టంలోంచి ఇవి పోకూడదు, బయటినుంచి యంత్రపు చెయ్యి అందుకోవాలి, గాలి లేని చోటనే.

ఇంకో రెండు ముక్కలు. మందుగుండు చేతులు మారేటప్పుడు ఆ చుట్టుపక్కల రాడార్, బలమైన రేడియో కట్టేయడం నౌకాదళాల్లో నియమం. ఆ తరంగాలు తీగల్లో కరెంటు పుట్టించి విద్యుత్ డిటొనేటర్లని లేపగలవు. అంటే నింపుకుంటున్నంతసేపూ మీ నౌక గుడ్డిది, చుట్టూ ఉన్న 11 నౌకలే దానికి కళ్ళు. రెండోది, అంతరిక్షంలో తిరిగే లోహపు నౌక మీద విద్యుదావేశం పేరుకుంటుంది, రెండు నౌకల మధ్య తేడా వేల వోల్టులు ఉండొచ్చు. ముందు పెద్ద నిరోధకం ఉన్న ఒక కడ్డీ తగిలించి ఆవేశం నెమ్మదిగా సమం చెయ్యాలి. ఆ తర్వాతే కొక్కేలు.

కుంపటి:

అందరూ క్షిపణుల మీద పడ్డారు, రైల్‌గన్ గుండ్ల సంగతి ఎవరూ చూడలేదు. పేలుడు పదార్థం లేని ఇనుప ముద్ద కాబట్టి అందించడం తేలికే. కాకపోతే మీ రైల్‌గన్‌కి ముందుగా అయిపోయేది గుండ్లు కాదండీ, చల్లదనం.

10 కిలోలు, సెకనుకు 10 కి.మీ., అంటే గుండులో 500 మెగాజౌల్స్. (2010లో అమెరికా నౌకాదళం డాల్‌గ్రెన్‌లో కాల్చిన రికార్డు దెబ్బ 33 మెగాజౌల్స్. 2021లో ఆ ప్రాజెక్టే ఆపేశారు, పట్టాలు తొందరగా అరిగిపోవడం దాన్ని వెంటాడిన పెద్ద సమస్యల్లో ఒకటి.) మీ తుపాకీ సగం సామర్థ్యంతో పని చేసిందనుకుందాం, చాలా ఉదారంగా. అంటే దెబ్బకి ఇంకో 500 మెగాజౌల్స్ వేడి నౌకలోనే మిగిలింది. అది ఎక్కడికి పోవాలి? చుట్టూ శూన్యం.

నీళ్ళలోకి తోసి ఆవిరి చేసి బయటికి వదిలితే, 20 డిగ్రీల నీటిని మరిగించి ఆవిరి చెయ్యడానికి కిలోకి సుమారు 2.6 మెగాజౌల్స్ కావాలి. దెబ్బకి 193 కిలోల నీళ్ళు! గుండు 10 కిలోలు, దాని దాహం 193 కిలోలు. 500 గుండ్లకి ఇనుము 5 టన్నులు, నీళ్ళు సుమారు 96 టన్నులు. మీ సరఫరా నౌక అసలు నీళ్ళ ట్యాంకరన్నమాట.

నీళ్ళు వద్దనుకుంటే రేడియేటర్లు, అంటే వేడిని వెలుగుగా బయటికి వదిలే రెక్కలు. 1,000 కెల్విన్ దగ్గర చదరపు మీటరుకి ఒక్కో వైపు నుంచీ దాదాపు 57 కిలోవాట్లు పోతాయి. పది సెకన్లకో దెబ్బ వేస్తే 50 మెగావాట్లు, అంటే రెండు వైపులా వెలిగే 440 చదరపు మీటర్ల రెక్కలు. అవి యుద్ధంలో చాపి ఉంచితే తెగుతాయి, ముడిస్తే తుపాకీ ఆగుతుంది.

నీళ్ళు ఎక్కించడం మాత్రం క్షిపణి కంటే చాలా సుఖం. ప్రోగ్రెస్ నౌకలు ఎన్నో ఏళ్ళుగా స్టేషన్లకి గొట్టాల్లో ఇంధనం ఎక్కిస్తూనే ఉన్నాయి. 2007లో ఆర్బిటల్ ఎక్స్‌ప్రెస్ అనే అమెరికన్ ప్రయోగంలో రెండు ఉపగ్రహాలు మనిషి చెయ్యి పడకుండా ఇంధనమూ, బ్యాటరీ కూడా మార్చుకున్నాయి. బరువు లేని చోట ట్యాంకులో నీళ్ళు అడుక్కి చేరవు కాబట్టి ట్యాంకు లోపల సాగే తిత్తి పెట్టి, వెనకనుంచి వాయువుతో నొక్కాలి. విడిపోయే ముందు గొట్టాన్ని వాయువుతో ఊది ఖాళీ చెయ్యాలి. శని దగ్గర ఎండ చదరపు మీటరుకి సుమారు 15 వాట్లే, భూమి దగ్గర ఉన్నదానిలో 90వ వంతు. మిగిలిన నీళ్ళు వాల్వులో గడ్డకడితే మళ్ళీసారికి ఆ గొట్టం పనికిరాదు.

అర్ధచంద్ర:

ఇంత తంటా ఎందుకు? క్షిపణిని ఆ నౌకలోంచి ఈ నౌకలోకి మార్చకండి. సరఫరా నౌక సెల్స్‌లోంచే కాల్చండి, గురి మాత్రం మీ యుద్ధనౌక చెబుతుంది. 1990లలో అమెరికా నౌకాదళం సుమారు 500 సెల్స్‌తో, తక్కువ సిబ్బందితో "ఆర్సెనల్ షిప్" అని సరిగ్గా ఇదే అనుకుంది. లేదా క్షిపణుల్ని పాడ్‌లలో (ఇంజను లేని పెట్టెల్లో) పెట్టి దళంతో పాటు ఊరికే తేలనివ్వండి, కావలసినప్పుడు పిలిస్తే లేస్తాయి. అంతరిక్షంలో పక్కన వదిలింది పక్కనే ఉంటుంది కదా.

లంగరు:

ఆ ప్రాజెక్టు 1997లో రద్దయిందని కూడా చెప్పాలి కదండీ. గుడ్లన్నీ ఒక్క బుట్టలో, ఆ బుట్టకి సొంత రక్షణ అంతంతమాత్రం.

పాడ్‌ల ఆలోచన మాత్రం మంచిదే, కానీ దళం ఇంజన్లు వేసేదాకానే. యుద్ధనౌక సెకను సెకనుకి 10 సెంటీమీటర్ల చొప్పున 100 సెకన్లు పక్కకి తోసుకుంటే చాలు, వేగంలో 10 మీటర్ల తేడా, చోటులో అర కి.మీ. తేడా. ఆ తర్వాత గంటకి 36 కి.మీ. చొప్పున పాడ్‌లు వెనకబడిపోతూనే ఉంటాయి. వాటికి కూడా ఇంజను పెడితే అది పాడ్ కాదు, ఇంకో నౌక. పైగా శత్రువు రేడియో జామ్ చేస్తే పిలిచినా లేవవు. మొదటి రోజు యుద్ధానికి పాడ్‌లు, రెండో రోజుకి అవి చెల్లాచెదురయ్యాక సరఫరా నౌక. అలా రాస్తే రెండూ నిలబడతాయి.

తోకచుక్క:

దండాలు, ఇంత వస్తుందనుకోలేదు. సొరంగం తీసేశాను. పాడ్‌లు మొదటి రోజుకి. శత్రువు లక్ష కి.మీ. నుంచి క్షిపణులు వదిలాడు, 167 నిమిషాలున్నాయి. సరఫరా నౌక 30 కి.మీ. వెనక దళంతోనే తేలుతోంది. ఇక్కణ్ణుంచి నిమిషాల లెక్క ఎవరైనా వేసి పెడతారా? 100 సెల్స్ నిండవని అర్థమైంది, ఎన్ని నిండుతాయి? తేడా కొట్టేది ఏదో ఇంకా దొరకలేదు.

గురుత్వం:

వేద్దాం. శత్రు క్షిపణులు ఎటు వస్తున్నాయో ఖాయం చేసుకుని ఆజ్ఞ ఇచ్చేసరికి 10 నిమిషాలు. 30 కి.మీ. రావడానికి, ప్రధాన ఇంజను వాడకూడదు, దాని మంట మీ నౌకనే కాలుస్తుంది. చిన్న థ్రస్టర్లతో సెకను సెకనుకి 5 సెంటీమీటర్ల త్వరణం అనుకుంటే, సగం దూరం తోసుకుని సగం దూరం ఆపుకుంటూ 26 నిమిషాలు. చివరి 100 మీటర్లు మెల్లగా, ఇంకో 9. ఇక్కడ ఒక చిట్కా. ఎదురుగా ఊదే థ్రస్టర్ల వాయువు ఎదుటి నౌక రెక్కల్ని తోస్తుంది. షటిల్ మీర్ దగ్గరకి వెళ్ళేటప్పుడు నేరుగా ఎదురు ఊదకుండా, ఏటవాలుగా ఉన్న జెట్‌లతోనే వేగం తగ్గించుకునేది, ఇంధనం ఎక్కువ తాగినా సరే. ఆవేశం సమం చేసి కొక్కేలు పట్టేసరికి 10.

వెనక నుంచి లెక్కేయండి. విడిపోవడానికి 3. మళ్ళీ 30 కి.మీ. ఎడం కావడానికి, ఈసారి ఆగక్కర్లేదు కాబట్టి 18. రాడార్ వెలిగించి, కొత్త క్షిపణుల్ని పరీక్షించి, గురి అందించి సిద్ధం కావడానికి 15. మొత్తం 91 పోయాయి, మిగిలింది 76 నిమిషాలు.

ఒక క్యానిస్టర్‌కి 12 నిమిషాలు, రెండు చేతులు. ఒక్కో చేతికి 6. మొత్తం 12 క్షిపణులు. వందలో పన్నెండు! నాలుగేసి కలిపిన 40 టన్నుల కట్టలుగా 20 నిమిషాలకొకటి ఎక్కిస్తే ఒక్కో చేతికి 3 కట్టలు, 24 క్షిపణులు. కానీ ఒక కట్ట ఇరుక్కుంటే నాలుగు సెల్స్ పోతాయి. మీ కెప్టెన్ జూదం అక్కడుంది.

ఎక్కించేటప్పుడు ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఒకే వైపు, నడుముకి 15 మీటర్ల దూరంలో 24 క్షిపణులు పేర్చితే 240 టన్నులు. 8,000 టన్నుల నౌక గురుత్వ కేంద్రం 40 సెంటీమీటర్లకి పైగా పక్కకి పోతుంది. ఇంజను కాస్త వంచి సర్దుకోవచ్చు, కానీ కంప్యూటర్‌కి కొత్త బరువులు చెప్పకుండా ఇంజను వేస్తే నౌక గిర్రున తిరుగుతుంది.

లంగరు:

పన్నెండే అన్నప్పుడు ఏ పన్నెండు? అదే అసలు సీను. వచ్చే క్షిపణుల్ని కూల్చేవా, శత్రువు మీదికి పంపేవా? 1914 నవంబర్ 1న కోరనెల్‌లో గెలిచిన జర్మన్ అడ్మిరల్ వాన్ స్పీ దళం తన మందుగుండులో సగం దాకా ఖర్చు చేసుకుంది. జర్మనీ చేరితే తప్ప దానికి మళ్ళీ నింపుకునే రేవు లేదు. ఐదు వారాల తర్వాత ఫాక్‌లాండ్స్‌లో దాదాపు అంతా మునిగింది. 1944లో సురిగావ్ జలసంధిలో అమెరికన్ పాత యుద్ధనౌకల దగ్గర నేల మీద పేల్చే గుండ్లే ఎక్కువ, కవచం తొలిచేవి కొద్ది. అందుకే దగ్గరకొచ్చేదాకా ఆగి కాల్చాలని ముందే అనుకున్నారు.

ఇంకొకటి, సరఫరా నౌకలో ముందు కావలసినవి ముందే ఉండవు. ఓడలో చివర పెట్టింది మొదట వస్తుంది. బయల్దేరిన రోజున ఎవరో గుమాస్తా "దాడి క్షిపణులు తలుపు దగ్గర పెట్టండి" అని రాసి ఉంటే, ఈ రోజు రక్షణ క్షిపణి ఒకటి తియ్యాలంటే నాలుగింటిని జరపాలి.

కుంపటి:

తేడా కొట్టేది నేనిస్తాను. ఇరుక్కోవడం, కారణం వేడి.

శని దగ్గర పెద్దగా ఎండ లేదని చెప్పా కదా. ఖాళీ సెల్స్ మూతలు తెరిచి ఉంటే మంచులా చల్లబడి, కాస్త కుంచించుకుని ఉంటాయి. మీ యుద్ధనౌక మాత్రం అప్పటిదాకా పోరాడింది కాబట్టి దాని రేడియేటర్ ఇంకా ఎర్రగా ఉంది. 20 మీటర్ల చదరం, 1,000 కెల్విన్. 60 మీటర్ల దూరంలో వరుసలో ఉన్న క్యానిస్టర్ల మీద చదరపు మీటరుకి సుమారు 2 కిలోవాట్లు కొడుతుంది. భూమి దగ్గర ఎండ 1.36. అంటే నడివేసవి కంటే ఒకటిన్నర రెట్లు, అదీ ఒకే వైపు. లోపల ఇన్సులేషన్, బయట అర టన్ను అల్యూమినియం తొడుగు అనుకుంటే గంటా గంటన్నరలో అది 100 డిగ్రీలు ఎక్కుతుంది.

మీటరు వ్యాసం 100 డిగ్రీలకి 2.4 మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. అంతకంటే పెద్ద తంటా వంపు. ఒక పక్క రెండో పక్క కంటే 50 డిగ్రీలు వేడిగా ఉంటే 8 మీటర్ల తొడుగు నడుము దగ్గర దాదాపు సెంటీమీటరు విల్లులా వంగుతుంది. సెల్‌లో సందు 5 మిల్లీమీటర్లయితే సగం దిగి ఆగిపోతుంది. చూడండి ఎంత బాగా కుదిరిందో: మొదటివి చల్లగా ఉంటాయి కాబట్టి సుఖంగా దిగుతాయి. ఎనిమిది దిగాక అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు తొమ్మిదోది ఇరుక్కుంటుంది.

శూన్యంలో చల్లారేదాకా ఆగుదామంటే, లోపలి క్షిపణితో సహా 10 టన్నుల ముద్ద 100 డిగ్రీలు దిగడానికి రోజు పైనే పడుతుంది. తొడుగొక్కటే వేడెక్కితే నయం, బయటికి లాగి, వేడి పక్కని నీడకి తిప్పి ఇరవై నిమిషాలు ఉంచితే వంపు తగ్గుతుంది. ముందే చెయ్యాల్సింది ఏంటంటే క్యానిస్టర్లని ఊయలలో నెమ్మదిగా తిప్పుతూ ఉండటం, కుంపటి మీద మొక్కజొన్న పొత్తు తిప్పినట్టు. అపోలో నౌకలు చంద్రుడికి పోతూ గంటకి మూడు చుట్లు తిరిగింది ఇందుకే. మీ కథలో ఆ తిప్పే మోటారు కరెంటుని ఎవరో చేతులు తొందరగా ఆడించడానికి మళ్ళించి ఉంటారు.

తోకచుక్క:

ఇది నాకు కావలసిందే! సగం దిగి ఆగింది, లాగీ తోసీ చూసేసరికి శత్రు క్షిపణులు 40 నిమిషాల్లో ఉన్నాయి. ఇప్పుడు నౌక ఏం చెయ్యగలదు?

లంగరు:

విడిపోవడానికి, ఎడం కావడానికి, సిద్ధమవడానికి 36 కావాలి. అంటే చేతిలో 4 నిమిషాలు. అత్యవసరంగా విడిపోయే పద్ధతి సముద్రంలో ప్రతి నౌకా ముందే సాధన చేసి ఉంటుంది. ఇక్కడ వరుస ఇలా ఉండాలి. నీళ్ళ గొట్టం వాల్వులు రెండు వైపులా మూత. గొట్టం ఊదే టైము లేదు, గడ్డకడితే కట్టనీ. ఇరుక్కున్న క్యానిస్టర్ సగానికి పైగా దిగి ఉంటే లోపలికి, తక్కువ దిగి ఉంటే బయటికి. ఈ నియమం ముందే రాసి ఉండాలి, అప్పుడు వాదన పెట్టుకోకూడదు. రెండు వైపులా కదలకపోతే, చెయ్యి దాన్ని వదిలేసి ముడుచుకుంటుంది. కొక్కేలు వదులుతాయి, స్ప్రింగులు రెండు నౌకల్ని విడదీస్తాయి.

ఇప్పుడు మీ నౌక సెల్‌లోంచి 10 టన్నుల క్షిపణి నాలుగు మీటర్లు బయటికి పొడుచుకుని ఉంది. ఆ మూత పడదు. దాని పక్క సెల్స్ కాల్చకూడదు, ఆ మంట దీన్ని నాకుతుంది. నాలుగు దిక్కుల్లో ఉన్న సెల్స్ తీసేస్తే, ఇప్పుడు ఎక్కించిన ఎనిమిదిలో ఎన్ని మిగులుతాయన్నది మీరు వాటిని ఏ సెల్స్‌లో దింపారన్న దాని మీద ఉంటుంది. ఆ పటం ముందు గీసుకోండి, తర్వాత సీను రాయండి. ప్రధాన ఇంజను వేసినా, సెకను సెకనుకి 10 సెంటీమీటర్ల త్వరణంలో ఆ 10 టన్నులు సెల్ అంచు మీద మోపే బరువు 100 కిలోలంత. అది సెల్ భరిస్తుంది. కానీ తప్పించుకోవడానికి దానికి పది రెట్లు తోశారంటే టన్ను. అప్పుడు ఆ వంగిన తొడుగు ఇంకా వంగుతుంది, ఇక రేవులో కోసి తియ్యాల్సిందే.